పాత ఫోన్లు, కొత్త టూల్స్: యాప్‌లు తయారుచేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నా టేబుల్ సొరుగులో ఆరు పాత ఫోన్లు ఉన్నాయి. ఒకదాని అద్దం పగిలింది. ఒకదాని బ్యాటరీ ఉబ్బితే తీసేసి కొత్తది వేయించాను. యాప్ విడుదలకు ముందు రోజు రాత్రి వాటన్నిటికీ ఛార్జింగ్ పెట్టడం నాకు అలవాటైపోయింది. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మా దగ్గర కొత్తగా చేరినవాళ్లూ, ప్రాజెక్టు చేసుకునే విద్యార్థులూ అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి. చాలామంది "ఫోన్ పాతది సార్, అందుకే" అని తేల్చేస్తారు. అది సగం జవాబే. ఆ ఫోన్ నిన్న ఎలా ఉందో ఈరోజూ అలాగే ఉంది, మారింది మన టూల్స్‌లో ఎక్కడో ఒక నెంబరు. దాన్ని ఎవరు మార్చారో పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌లోని ఉత్తుత్తి ఫోన్‌లో, యాప్ చక్కగా నడుస్తోంది. మా నాన్న ఫోన్‌లో మాత్రం ఇన్‌స్టాలే అవ్వట్లేదు. ఎందుకు?

ఫోన్ తెర మీద "యాప్ ఇన్‌స్టాల్ కాలేదు" అని ఒక్క ముక్కే కనిపిస్తుంది, దాంతో ఏమీ తెలియదు. కేబుల్ పెట్టి, కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే ఏడీబీ అనే టూల్‌తో ఇన్‌స్టాల్ చేసి చూడండి, అసలు కారణం అక్కడ బయటపడుతుంది. నాకు ఎక్కువగా ఎదురైనవి నాలుగు.

"ఓల్డర్ ఎస్‌డీకే" అని వస్తే ఫోన్‌లోని ఆండ్రాయిడ్ మీరు పెట్టిన కనీస వెర్షన్ కన్నా పాతది. దీని సంగతి తర్వాతి ప్రశ్నలో చెప్తాను.

"నో మ్యాచింగ్ ఏబీఐస్" అని వస్తే ప్రాసెసర్ తేడా. మామూలు ఇంటెల్ కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ ఎక్స్86 కోడ్ నడుపుతుంది, నాన్నగారి ఫోన్‌లో ఉండేది ఆర్మ్ చిప్. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఒకటి, రెండు జీబీ ర్యామ్‌తో వచ్చిన చవక ఫోన్లలో చాలావాటికి చిప్ 64 బిట్‌దే అయినా, కంపెనీ వేసి పంపిన ఆండ్రాయిడ్ మాత్రం 32 బిట్‌ది. డబ్బా మీద చిప్ పేరు చూసి మోసపోకండి. ఫ్లట్టర్ అనే యాప్ తయారీ టూల్‌లో సైజు తగ్గుతుందని ఏపీకేను, అంటే యాప్ ఇన్‌స్టాల్ ఫైలును, చిప్‌ల వారీగా విడగొట్టి, అందులో 64 బిట్ ఫైలును మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టేసేవాళ్లు చాలామంది. గ్రూపులో సగంమందికి ఎక్కుతుంది, మిగతా సగంమంది మీకు ఫోన్ చేస్తారు. అలా చేత్తో పంచేటప్పుడు అన్ని చిప్‌ల కోడూ ఉన్న ఒకే ఏపీకే పంపండి, సైజు పెరిగితే పెరగనివ్వండి.

"నో సర్టిఫికెట్స్" అంటే సంతకం గొడవ, యాప్ తయారుచేసినవాళ్లు ఫైలు మీద వేసే డిజిటల్ సంతకం. ఆండ్రాయిడ్ 7.0తో ఏపీకేకి కొత్త రకం సంతకం వచ్చింది. దానికన్నా పాత ఫోన్లకు అది అర్థం కాదు, పాత పద్ధతి సంతకమే కావాలి. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోతో సంతకం చేస్తే అదే చూసుకుంటుంది. సొంత స్క్రిప్టులు రాసుకుని కొత్త సంతకం ఒక్కటే వేసేవాళ్లకే ఈ తిప్పలు.

నాలుగోది "యూజర్ రెస్ట్రిక్టెడ్". షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో తరచుగా కనిపిస్తుంది. డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేస్తే చాలదు, "ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ" అనేదాన్ని కూడా విడిగా ఆన్ చేయాలి. దానికి ఆ కంపెనీ అకౌంట్‌తో లాగిన్ అవ్వమంటుంది, సిమ్ కూడా వేయమంటుంది. సొరుగులో సిమ్ లేకుండా పడి ఉన్న ఫోన్‌కి ఇది పెద్ద చికాకు.

మిన్ ఎస్‌డీకే, టార్గెట్ ఎస్‌డీకే, కంపైల్ ఎస్‌డీకే. ఈ మూడింట్లో పాత ఫోన్‌ను ఆపేది ఏది?

ఈ మూడూ ప్రాజెక్టులో మనం రాసే ఆండ్రాయిడ్ వెర్షన్ నెంబర్లు. గేటు దగ్గర ఆపేది మిన్ ఒక్కటే. అక్కడ 24 అని రాస్తే ఆండ్రాయిడ్ 7.0 కన్నా పాతవి లోపలికి రావు. 21 అంటే 5.0, 23 అంటే 6.0, 26 అంటే 8.0, 29 అంటే ఆండ్రాయిడ్ 10.

టార్గెట్ అనేది "ఈ వెర్షన్ నియమాలు నాకు తెలుసు, వాటి ప్రకారమే నన్ను నడుపు" అని ఫోన్‌కు ఇచ్చే మాట. 35 అని పెట్టినా యాప్ ఆండ్రాయిడ్ 6లో నడుస్తుంది. ప్లే స్టోర్ ఏటా పెంచమనేది ఈ నెంబరునే. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లకూ, అప్‌డేట్లకూ 35 అడిగింది. దాన్ని చూసి మిన్ కూడా పెంచేసి, ఉన్న యూజర్లను చేజేతులా పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

కంపైల్ అంటే మీ కంప్యూటర్‌లో కోడ్‌ను ఏ వెర్షన్ పుస్తకం చూసి తయారుచేస్తున్నారన్నది. దీన్ని పెంచితే పాత ఫోన్లకు ఏమీ కాదని అందరం చెప్తాం, నేనూ చాలాకాలం చెప్పాను. కోట్లిన్ భాషలో లిస్టు నుంచి మొదటి అంశం తీసేసే "రిమూవ్ ఫస్ట్" ఉంది కదా, కంపైల్ 35కి మార్చగానే అదే పేరుతో ఆండ్రాయిడ్ 15లో కొత్తగా వచ్చిన జావా ఫంక్షన్‌కు తగులుకుంటుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారదు, బిల్డ్ పచ్చగా అవుతుంది, ఆండ్రాయిడ్ 14 ఫోన్‌లో కూడా క్రాష్ అవుతుంది. "రిమూవ్ ఎట్" వాడి సున్నా స్థానం ఇస్తే సరిపోతుంది. అన్నట్టు, ఈ కథలో ఏడాది కిందటి ఫోన్ కూడా పాత ఫోనే.

నేను మిన్ 21 అనే పెట్టాను. బిల్డ్ చేస్తే మ్యానిఫెస్ట్ మెర్జర్ (యాప్ సెట్టింగులనూ లైబ్రరీల సెట్టింగులనూ కలిపే దశ) ఫెయిల్ అయ్యింది, లైబ్రరీకి 24 కావాలట. నా యాప్‌కి నేనే యజమానిని కదా?

పేరుకే. మీరు తెచ్చుకున్న లైబ్రరీల్లో, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్‌లో, అన్నిటికన్నా పెద్ద నెంబరు ఎవరిదో వాళ్లదే అసలు పెత్తనం. ఫ్లట్టర్ లాంటిదే అయిన రియాక్ట్ నేటివ్ 0.74తో మిన్ 23కి చేరింది, 0.76తో 24 అయ్యింది. ఫ్లట్టర్ 3.35 కూడా 24కి వెళ్లింది. గూగుల్ జెట్‌ప్యాక్ లైబ్రరీల కొత్త వెర్షన్లు 2025 జూన్ నుంచి 23 అడుగుతున్నాయి.

ఎర్రర్ సందేశం కింద "ఓవర్‌రైడ్ లైబ్రరీ" వాడుకోవచ్చని స్టూడియో తనే సలహా ఇస్తుంది. ఆ సలహా వెంటనే పాటించకండి. అది గేటు తాళం తీస్తుంది తప్ప, లోపలి కోడ్‌ను పాత ఫోన్‌కు తగ్గట్టు మార్చదు. ఇన్‌స్టాల్ అవుతుంది, ఆ లైబ్రరీని ముట్టుకున్న చోట క్రాష్ అవుతుంది. ఆ లైబ్రరీని కొత్త ఫోన్లలోనే పిలుస్తానని కోడ్‌లో షరతు రాసుకున్నప్పుడే దాని జోలికి వెళ్లాలి.

మామూలుగా నేను చేసేది వేరు. ఏ లైబ్రరీ పెంచిందో డిపెండెన్సీల చెట్టులో వెతుకుతాను. దాని పాత వెర్షన్ ఒకటి దొరికి, అందులో భద్రతా లోపాలేమీ లేకపోతే అక్కడే ఆగుతాను. ఓసారి ఒక బొమ్మను గుండ్రంగా కత్తిరించడానికి తెచ్చిన చిన్న లైబ్రరీ మిన్‌ను మూడు మెట్లు పెంచేసింది. ఆ పని నలభై లైన్లలో నేనే రాసుకున్నాను.

అయితే మిన్ ఎంత పెట్టమంటారు?

కొత్తగా మొదలుపెడుతుంటే 24. ఎవరైనా అడ్డం తిరిగితే 23. అంతకన్నా కిందికి వెళ్లాలంటే గట్టి కారణం ఉండాలి.

ఆండ్రాయిడ్ 4.4 కిట్‌క్యాట్ గురించి ఇంకా అడుగుతుంటారు. గూగుల్ ప్లే సర్వీసెస్‌కే 2023లో ఆ వెర్షన్‌కు అప్‌డేట్లు ఆపేశారు. నోటిఫికేషన్లు, మ్యాపులు, లాగిన్ అన్నీ దాని మీద ఆధారపడే రోజుల్లో మీరొక్కరే దాన్ని మోయలేరు.

స్టూడియోలో కొత్త ప్రాజెక్టు తెరిచినప్పుడు "ఈ వెర్షన్ పెడితే ఇంత శాతం ఫోన్లలో నడుస్తుంది" అని చూపిస్తుంది. అది ప్రపంచం మొత్తం లెక్క. మీ యాప్ అంగన్‌వాడీ కార్యకర్తల కోసమో, ధాన్యం కొనుగోలు కేంద్రం కోసమో అయితే ఆ లెక్కతో మీకు పని లేదు. అక్కడ వాడేది కొడుకు కొత్తది కొనుక్కుని అమ్మకు ఇచ్చిన ఫోన్. యాప్ ఇప్పటికే ప్లే స్టోర్‌లో ఉంటే, డెవలపర్ల కోసం ఉండే ప్లే కన్సోల్‌లో ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌లో ఎంతమంది ఉన్నారో, ఎంత ర్యామ్ ఫోన్లు వాడుతున్నారో కనిపిస్తుంది. నిర్ణయం దాన్ని చూసి తీసుకోండి.

ఇన్‌స్టాల్ అయ్యింది, తెరవగానే మూసుకుపోతోంది.

ఫోన్ రాసే లాగ్ లైన్లు చూపించే లాగ్‌క్యాట్ తెరిచి ఎర్ర గీతల్లో మొదటిది కాదు, "కాజ్డ్ బై" అని ఉన్న చివరిది చదవండి. "నో సచ్ మెథడ్" గానీ "నో క్లాస్ డెఫ్ ఫౌండ్" గానీ ఉంటే, ఆ ఫోన్‌లో లేని ఫంక్షన్‌ను మీ కోడ్ పిలుస్తోంది.

అందరూ పడే గుంట తేదీల దగ్గర ఉంది. "లోకల్ డేట్" లాంటి జావా టైమ్ క్లాసులు ఆండ్రాయిడ్ 8.0తో వచ్చాయి. ఆండ్రాయిడ్ 7లో అవి లేనే లేవు. బిల్డ్ చేసే టూల్ గ్రేడిల్‌లో కోర్ లైబ్రరీ డీషుగరింగ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే వాటిని మీ యాప్‌లోనే సర్ది పంపుతుంది. పేరు మిఠాయి కొట్టులా ఉన్నా మంచి పనిమంతురాలు.

ఇంకా 4.4 మీద ఉన్నవాళ్లకు మరో గోల: యాప్ కోడ్ ఉండే ఒక డెక్స్ ఫైలులో 65,536 మెథడ్‌లే (ఫంక్షన్లే) పడతాయి, ఆ పాత రన్‌టైమ్ మొదటి ఫైలునే తెరుస్తుంది, మల్టీడెక్స్ లైబ్రరీ పెట్టాల్సిందే. 5.0 నుంచి ఆ బాధ లేదు.

స్టూడియోలో లింట్ అనేది ఈ తప్పుల్లో చాలావాటిని ముందే పట్టుకుంటుంది. పసుపు గీతలు చూసి చూసి కళ్లు అలవాటు పడిపోయాయంటే తప్పు లింట్‌ది కాదు. "న్యూ ఏపీఐ" అన్న హెచ్చరిక వస్తే బిల్డ్ ఆగిపోయేలాగే ఉంచండి, దాన్ని నొక్కేసే అనోటేషన్ రాయకండి.

ఫోన్‌లో నెట్ ఉంది, యూట్యూబ్ వస్తోంది. మా యాప్ మాత్రం సర్వర్‌కు కనెక్ట్ అవ్వట్లేదు, అదీ పాత ఫోన్లలోనే.

ముందు ఫోన్‌లో తేదీ చూడండి. నవ్వులాట కాదు. నెలల తరబడి ఆఫ్‌లో ఉన్న ఫోన్ లేవగానే ఏదో పాత సంవత్సరంలో ఉంటుంది, అప్పుడు సర్వర్లు తమ గుర్తింపుగా చూపే సర్టిఫికెట్లన్నీ తప్పుగానే కనిపిస్తాయి. మధ్యాహ్నమంతా దీంతో కొట్టుకున్నాక తెలిసింది నాకు.

తేదీ సరిగా ఉంటే, మీ సర్వర్ సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది కాబట్టి చిన్న సర్వర్లు చాలావరకు దాన్నే వాడతాయి. దాని సొంత రూట్ సర్టిఫికెట్, అంటే ఫోన్ ముందే నమ్మి పెట్టుకునే మూల సర్టిఫికెట్, ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే ఫోన్లలో ఉంది. అంతకన్నా పాత ఫోన్లకు అదెవరో తెలియదు. వాటికోసం ఐడెన్‌ట్రస్ట్ అనే పాత సంస్థ రూట్‌తో పూచీకత్తు సంతకం చేయించారు. ఆ పాత రూట్ గడువు 2021 సెప్టెంబర్ 30న ముగిసింది. అయినా బండి నడిచింది. ఎలాగంటే, ఆండ్రాయిడ్ తన దగ్గరున్న రూట్ గడువును పట్టించుకోదు, ఆ వెసులుబాటును ఆసరా చేసుకుని పూచీకత్తును ఇంకో మూడేళ్లు పొడిగించారు. 2024 సెప్టెంబర్ 30తో అదీ అయిపోయింది. ఆ తర్వాత ఆండ్రాయిడ్ 5, 6, 7.0 ఫోన్లలో "ట్రస్ట్ యాంకర్ దొరకలేదు" అనే ఎర్రర్ మొదలైంది. యాప్‌ను ఎవరూ ముట్టుకోలేదు, సర్వర్‌నూ ముట్టుకోలేదు. క్యాలెండర్ మారిందంతే.

దారులు రెండు. పాత ఫోన్లు గుర్తుపట్టే సంస్థ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవడం ఒకటి. కొత్త రూట్‌ను యాప్‌లోనే పెట్టి పంపడం రెండోది. 7.0లో నెట్‌వర్క్ సెక్యూరిటీ కాన్ఫిగ్ ఫైలులో చెప్తే చాలు. 5, 6లలో ఆ ఫైలును ఫోన్ చదవదు, ఓకే హెచ్‌టీటీపీ లాంటి లైబ్రరీలో కోడ్‌తో చెప్పాలి.

మూడో దారి ఒకటి యూట్యూబ్ పాఠాల్లో తిరుగుతోంది: ఏ సర్టిఫికెట్ వచ్చినా సరేనని తలూపే ట్రస్ట్ మేనేజర్ రాసేయడం. దయచేసి వద్దు. బస్టాండ్‌లో ఉచిత వైఫై పెట్టినవాడు మీ యూజర్ పాస్‌వర్డ్ చదువుకుంటాడు.

మాది వెబ్‌వ్యూ యాప్. లోపలంతా వెబ్‌సైటే. అయినా పాత ఫోన్‌లో తెల్ల తెర వస్తోంది?

యాప్ లోపల వెబ్ పేజీ చూపించే వెబ్‌వ్యూ వయసు, ఫోన్ వయసు ఒకటి కావు. 4.4లో అది సిస్టమ్‌తోపాటు గడ్డకట్టిపోయింది. 5.0 నుంచి ప్లే స్టోర్ ద్వారా అప్‌డేట్ అవుతుంది, కానీ ఎక్కడో ఒకచోట ఆగుతుంది. వెబ్‌వ్యూ లోపల ఉండేది క్రోమ్ ఇంజినే, ఆండ్రాయిడ్ 7కి క్రోమ్ 119 చివరిది. 8, 9లకు 138 చివరిది. ఫోన్‌లో స్థలం లేదని అప్‌డేట్లు ఆపేసినవాళ్ల దగ్గర అంతకన్నా చాలా పాతది ఉంటుంది.

జావాస్క్రిప్ట్‌లో ప్రశ్నార్థకం, చుక్క కలిపి రాసే ఆప్షనల్ చైనింగ్‌ను క్రోమ్ 80 నుంచే అర్థం చేసుకుంటుంది. అంతకన్నా పాత వెబ్‌వ్యూకు అది కనబడితే ఆ ఫైలు మొత్తాన్ని పక్కన పడేస్తుంది. ఒక్క గుర్తుకు తెర మొత్తం తెల్లబోతుంది. బిల్డ్ టూల్‌లో టార్గెట్ బ్రౌజర్‌ను కిందికి దించండి, పాత భాషలోకి అదే మార్చిపెడుతుంది. కేబుల్ పెట్టి, కంప్యూటర్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ పేజీ తెరిస్తే ఫోన్‌లోని ఎర్రర్ కనిపిస్తుంది. ఇంకోటి: ఆండ్రాయిడ్ 7 నుంచి 9 వరకు వెబ్‌వ్యూ పని క్రోమే చేస్తుంది, కాబట్టి చూడాల్సిన వెర్షన్ అక్కడ క్రోమ్‌ది.

కేబుల్ పెట్టినా స్టూడియోలో ఫోన్ కనిపించట్లేదు.

కేబుల్ మార్చండి. రోడ్డు పక్కన యాభై రూపాయలకు కొన్నవాటిలో ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. తర్వాత బిల్డ్ నెంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచారా, ఫోన్ తెర మీద "ఈ కంప్యూటర్‌ను అనుమతించాలా" అన్నదానికి సరే అన్నారా చూడండి. విండోస్ అయితే కంపెనీ డ్రైవర్ వేయాలి. జత కోడ్‌తో వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆండ్రాయిడ్ 11 నుంచే ఉంది. అంతకన్నా పాతవాటికి ఒకసారి కేబుల్ పెట్టి, ఏడీబీని 5555 పోర్టు మీదకు మార్చాకే వైఫైలో దొరుకుతాయి.

ఫోన్ దొరికాక కూడా స్టూడియోలోని కొన్ని సదుపాయాలు పని చేయవు. డేటాబేస్ ఇన్‌స్పెక్టర్‌కు 8.0 ఉండాలి, లైవ్ ఎడిట్‌కు ఆండ్రాయిడ్ 11 ఉండాలి. పాత ఫోన్‌లో లాగ్ లైన్లే మీ కళ్లు.

తెలుగు అక్షరాలు పాత ఫోన్లలో తల తెగిపోయి, ఒత్తులు కోసేసినట్టు వస్తున్నాయి.

ఇంగ్లీషు అక్షరాల ఎత్తు చూసుకుని డిజైనర్ లైన్‌కు గట్టి ఎత్తు పెట్టేస్తాడు. మనకు పైన గుడి, కింద వత్తు. "స్త్రీ" అని రాయించి చూడండి, లెక్క తెలుస్తుంది. టెక్స్ట్ డబ్బాకు ఎత్తు అంకెల్లో కట్టేయకండి, ఫాంట్ ప్యాడింగ్ తీసేయకండి. 5.0 నుంచి "ఎలిగెంట్ టెక్స్ట్ హైట్" అనే గుణం ఉంది, పొడవైన లిపులకు సరిపడా చోటు ఇస్తుంది. టార్గెట్ 35 పెట్టిన యాప్‌కు ఆండ్రాయిడ్ 15లో ఇది దానంతటదే ఆన్ అవుతుంది, తెలుగుతో సహా. కాబట్టి ఒకే తెర కొత్త ఫోన్‌లో వదులుగా, పాత ఫోన్‌లో ఇరుగ్గా కనిపిస్తుంది. రెండింటిలోనూ చూసుకోవాలి. పాత ఫోన్లలో కంపెనీ వేసిన ఫాంట్ మీద నమ్మకం లేకపోతే నోటో తెలుగు ఫాంట్‌ను యాప్‌లోనే పెట్టుకోండి.

ఐఫోన్‌వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరాన్ని ఒక ప్రత్యేక వరుసలో రాసి పంపితే ఐఓఎస్ 11లో మెసేజ్ యాప్‌లు టపటపా కూలిపోయాయి. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ హోమ్ తెర కూడా నిలిచేది కాదు. 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. తెలుగు అక్షరమాలకు అంతర్జాతీయ వార్తల్లో అంత పేరు వచ్చింది అప్పుడే.

పాత ఐఫోన్ల సంగతి?

ఆండ్రాయిడ్ కన్నా లెక్క సూటిగా ఉంటుంది, కానీ కఠినం. ఐఫోన్ 6 ఐఓఎస్ 12 దగ్గర ఆగింది. 6ఎస్, 7 ఐఓఎస్ 15 దగ్గర, ఐఫోన్ 8, ఐఫోన్ ఎక్స్ 16 దగ్గర. 32 బిట్ యాప్‌లను ఐఓఎస్ 11తోనే 2017లో తీసేశారు, ఐఫోన్ యాప్‌లు తయారుచేసే టూల్ ఎక్స్‌కోడ్ 14 నుంచి 32 బిట్ ఐఫోన్లకు బిల్డ్ చేయడమే కుదరదు. అంటే ఐఫోన్ 5 కథ ముగిసింది. ఎక్స్‌కోడ్ 16తో కేబుల్ పెట్టి డీబగ్ చేయాలంటే ఫోన్‌లో ఐఓఎస్ 15 ఉండాలి.

ఇక్కడ పాతబడేది ఫోన్ ఒక్కటే కాదు, మ్యాక్ కూడా. 2025 ఏప్రిల్ 24 నుంచి స్టోర్‌కు పంపే యాప్ కనీసం ఎక్స్‌కోడ్ 16తో తయారవ్వాలన్నారు. దానికి మ్యాక్ ఓఎస్ 14.5 కావాలి. అది ఎక్కని సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్ కొన్న విద్యార్థి పరిస్థితి ఆలోచించండి. కొనే ముందే అది ఏ మ్యాక్ ఓఎస్ వరకు వెళ్తుందో చూసుకోవాలి.

మాది తిరగేసిన సమస్య. ఎప్పుడో చేసిన యాప్ కొత్త ఫోన్లలో ఎక్కట్లేదు.

టార్గెట్ 23 కన్నా తక్కువ ఉన్న యాప్‌లను ఆండ్రాయిడ్ 14 ఇన్‌స్టాల్ చేయనివ్వదు. 15లో ఆ గీత 24కి జరిగింది. 32 బిట్ కోడ్ మాత్రమే ఉన్న యాప్ 2022లో వచ్చిన పిక్సెల్ 7 మొదలు కొన్ని ఫోన్లలో నడవదు. సోర్స్ కోడ్ ఉంటే టార్గెట్ పెంచి, పర్మిషన్లు, ఫైళ్లు సేవ్ చేసే చోటు సరిచేయాలి. సోర్స్ పోగొట్టుకున్నామంటే మళ్లీ రాయడమే.

జియోఫోన్‌లో నడుస్తుందా?

2017లో వచ్చిన బటన్ల జియోఫోన్‌లో ఉన్నది కైఓఎస్, ఆండ్రాయిడ్ కాదు. ఏపీకే ఎక్కదు. 2021 నాటి జియోఫోన్ నెక్స్ట్ వేరు, అది ఆండ్రాయిడే.

పాత ఫోన్లు ఎక్కడ తెచ్చి పరీక్షించాలి? ఎమ్యులేటర్ చాలదా?

వెర్షన్ తేడాల వరకు ఎమ్యులేటర్ చాలు. ఆండ్రాయిడ్ 7 ఇమేజ్ వేసి తెరిస్తే పైన చెప్పిన క్రాష్‌లు సగం అక్కడే దొరుకుతాయి. కానీ దానికి మీ కంప్యూటర్ ర్యామ్, మీ కంప్యూటర్ వేగం. రెండు జీబీ ఫోన్‌లో కెమెరా తెరవగానే మీ యాప్‌ను సిస్టమ్ వెనకనుంచి చంపేయడం, ఫొటో తీసి తిరిగి వచ్చేసరికి నింపిన ఫారం ఖాళీ అయిపోవడం అందులో కనిపించదు. ఫిర్యాదుల్లో నాకు ఎక్కువ వచ్చేది ఇదే.

రిపేరు షాపులో అడిగితే తెర బాగున్న పాత ఫోన్ తక్కువకే ఇస్తారు. ఒక 32 బిట్ చవక ఫోన్, ఒక షావోమీ, ఒక శాంసంగ్ ఉంటే నా అనుభవంలో చాలావరకు గట్టెక్కొచ్చు. కొనలేకపోతే ఇంటర్నెట్ ద్వారా ఫోన్లలో పరీక్షించనిచ్చే గూగుల్ ఫైర్‌బేస్ టెస్ట్ ల్యాబ్‌లో రోజుకు కొన్ని పరీక్షలు ఉచితం.

పాత వెర్షన్‌కు సపోర్ట్ ఆపేయాలనుకుంటున్నాం. ఉన్న యూజర్ల గతి?

మిన్ పెంచి విడుదల చేస్తే, ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ల యాప్ పోదు, కొత్త అప్‌డేట్లు మాత్రం అందవు. కొత్తవాళ్లకు ఆ ఫోన్లలో యాప్ దొరకదు. ప్లే కన్సోల్‌లో రిలీజ్ చేసేటప్పుడు పాత బండిల్‌ను (అంతకుముందు ప్లేకి పంపిన యాప్ ఫైలును) కూడా అదే రిలీజ్‌లో ఉంచితే పాత ఫోన్లకు పాతదే ఇస్తూ ఉంటుంది. యాప్ స్టోర్ అయితే పాత ఐఫోన్‌లో ఇంతకుముందు తీసుకున్న యాప్‌కు "ఆఖరి అనుకూల వెర్షన్" ఇవ్వనా అని తనే అడుగుతుంది.

మర్చిపోయేది సర్వర్. పాత యాప్ ఫోన్‌లో ఉంటుంది, మీరేమో సర్వర్‌తో యాప్ మాట్లాడే పద్ధతిని, అంటే ఏపీఐని, మార్చేస్తారు. ఆపే తేదీకి రెండు మూడు నెలల ముందే ఆ ఫోన్లలో మాత్రమే కనిపించేలా తెలుగులో రెండు వాక్యాలు పెట్టండి: ఏ తేదీ నుంచి పని చేయదు, ఆ తర్వాత ఈ పని ఎక్కడ చేసుకోవచ్చు. "మీ ఓఎస్ అవుట్‌డేటెడ్" అని రాస్తే వాళ్లు ఫోన్ పట్టుకుని నేరుగా మీసేవ కేంద్రానికి వెళ్తారు, అక్కడి కుర్రాడు మీ నెంబరుకే ఫోన్ చేస్తాడు.